ఇరవై మూడు కుట్లు

గురువారం పొద్దున ఆర్డిత్ ప్రూయిట్ తన బడి బస్సును స్నేహితురాలు ఓపల్ చేతికి అప్పగించి, గడ్డిచేను మీదుగా నడిచి, సొంత షెడ్డు దగ్గరికే దొంగలా వచ్చి నిలబడింది. యాభై నాలుగేళ్ళ మనిషికి ఆ అవస్థ ఎందుకు పట్టిందంటే, అంతా ఆ నల్ల పికప్పు వల్లే.

ఆమె భర్త రాయిస్ పదకొండేళ్ళు ఆ షెడ్డులో కూర్చుని దాన్ని పందెపు బండిగా మార్చాడు. నల్లగా ఉంటుంది, చర్చి ప్రసంగంలా మెల్లగా మొదలుపెడుతుంది, అరుపులన్నీ తర్వాత అంటూ దానికి ‘పాస్టరు’ అని పేరు పెట్టాడు. ఒక్క పందెమైనా ఆడకుండానే, రెండేళ్ళ కిందట గడ్డి కోస్తూ ఛాతీ పట్టుకుని పడిపోయాడు. ఈ వసంతంలో ఆర్డిత్ దాన్ని బెల్ క్రీక్ స్ట్రిప్పుకు తీసుకెళ్ళింది. రెండు వందల ఇరవై గజాల తిన్నని దారి అది. పచ్చ లైటు వెలగగానే రెండు బళ్ళు కదులుతాయి, ముందు గీత దాటినవాళ్ళదే గెలుపు.

వింత అక్కడే మొదలైంది. పాస్టరు ఒక శనివారం ఎనిమిదింబావు సెకన్లలో గీత దాటేది. మరుసటి శనివారం ఎంత తొక్కినా ఎనిమిదిన్నర. ఆ మరుసటి శనివారం మళ్ళీ గుర్రం. ఆమె దానికి నూనె మార్చడం తప్ప ఏమీ చేయలేదు. చివరికి మొన్న ఆదివారం కొలబద్ద పెట్టి చూస్తే సంగతి బయటపడింది. ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే సూపర్‌చార్జరు మీది పుల్లీ, ఉండవలసినదానికన్నా పావు అంగుళం చిన్నది. పుల్లీ ఎంత చిన్నదైతే అంత గాలి, అంత వేగం. అంటే తను బస్సు మీద పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే వేళలో ఎవరో వచ్చి దాన్ని మారుస్తున్నారు.

అందుకే ఈ కాపలా. లోపల బోల్టులు విప్పే రాచెట్ తిరుగుతున్న చప్పుడు విని ఆమె తలుపు సందుకు కన్ను ఆనించింది.

ముందు కుక్క కనిపించింది. పరాయివాడు గేటు మీద చెయ్యి వేస్తే ఊరు ఊరంతా లేపే హోమర్, బండి చక్రం పక్కన పడుకుని తోకతో నేల తుడుస్తున్నాడు. బానెట్ కింద నుంచి ఒక వెడల్పాటి వీపు, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ఓవరాల్సు, వెనక జేబులో ఎర్ర చేతిరుమాలు కనిపించాయి. ఆ రుమాలు బెల్ క్రీక్‌లో అందరికీ తెలుసు. శనివారం ఫైనల్లో ఆమె పక్క దారిలో పోటీకి నిలబడబోయే మనిషిది అది.

ఆర్డిత్ తలుపును కాలితో తన్నింది.

“చేతిలోది కింద పెట్టు, డెల్మర్ టాకెట్!”

అరవై రెండేళ్ళ డెల్మర్ ఉలిక్కిపడి బానెట్‌కు తల కొట్టుకున్నాడు. తల తడుముకుంటూ గోడ గడియారం వంక చూశాడు.

“ఏడుంబావు. నువ్వీపాటికి చర్చి మలుపు దగ్గర బస్సులో ఉండాలే.”

“నేనెక్కడుండాలో నువ్వు చెప్తావా? నా షెడ్డులో దూరి, నా బండి మీద వంగి? సిగ్గుందా నీకు?”

“లోపలికి రా, ఆర్డిత్. చెప్తాను.”

“చెప్పడానికేముంది? కనబడుతూనే ఉందిగా.” అతని చేతిలోని పుల్లీ వైపు వేలు చూపింది. “శనివారం నన్ను ఓడించడానికి రెండ్రోజుల ముందు నా బండి కాళ్ళు విరగ్గొడుతున్నావు. పంతొమ్మిదేళ్ళ కిందట పందెంలో లైటు వెలగకముందే కదిలావని రాయిస్ నిన్ను అందరి ముందూ మోసగాడంటే, పాపం అంత మాటెందుకన్నాడా అనుకున్నాను. తక్కువే అన్నాడు!”

డెల్మర్ మొహం మీద దెబ్బ తగిలినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

ఆర్డిత్ కోటు జేబులోంచి ఫోన్ తీసింది. “షెరీఫ్‌కి చెప్తాను. ఆయనకి చెప్పుకో నీ కథలు.”

“చెయ్యి. నేనెక్కడికీ పోను,” అన్నాడు డెల్మర్. “ఆయన ఊళ్ళోంచి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ లోపల ఒక్కటి చూడు. చూశాక కూడా నన్ను జైల్లో పెట్టించాలనిపిస్తే నేనే వెళ్ళి ఆయన కార్లో కూర్చుంటా.”

పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఒకటి, టార్చి ఒకటి ఆమె వైపు చాపాడు. ఆమె వెంటనే అందుకోలేదు. కానీ ఆరు వారాలుగా ఆమెను నిద్రపోనివ్వనిది కోపం కాదు, ఈ బండికి ఏమవుతోందో తెలుసుకోవాలన్న తపన. ఆ తపనే చెయ్యి చాపించింది.

“ఎక్కడ?”

“ఎగ్జాస్టు గొట్టాల కింద, ఇంజను దిమ్మ పక్కన. అద్దం లోపలికి పెట్టి వెలుగు దాని మీద కొట్టు. ఇంకొంచెం వెనక్కి. ఆఁ, అక్కడ.”

అద్దంలో నల్లటి ఇనుము, దాని మీద వంకరగా పోయే ఒక సన్నటి గీత కనిపించాయి. గీత పొడుగునా ఆవగింజలంత చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెరుస్తున్నాయి. చిరిగిన దుప్పటిని ఓపికగా కలిపి కుట్టినట్టుంది.

“ఏమిటిది?”

“పగులు. పోత ఇనుము పగిలితే వెల్డింగు నమ్మలేం. వేడి తగిలితే ఇంకాస్త పగులుతుంది. అందుకని పగులు మీద చిన్న బెజ్జం వేసి, మర దీసి, ఇనప మేకు బిగించి, దాన్ని కొరుక్కుంటూ పక్కన ఇంకోటి... అలా పోవాలి. కుట్టుపనే అనుకో. ఇరవై మూడు కుట్లున్నాయక్కడ.”

ఆర్డిత్ లెక్కపెట్టింది. ఇరవై మూడే.

“మామూలు పుల్లీతో తొమ్మిది పౌండ్ల ఒత్తిడితో గాలి పోతుంది లోపలికి. దానికి ఈ కుట్లు ఆగుతాయి, నా పూచీ. ఈ చిన్నది పెడితే పద్నాలుగు. పద్నాలుగుకి ఆగవు. పదిహేడో కుట్టు దగ్గర చూడు, తెల్లగా ఉప్పు పేరినట్టు లేదూ? ఇంజనుని చల్లార్చే నీళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. పోయిన శనివారం ఎనిమిది పాయింట్ ఒకటి సెకన్లలో కొట్టావే, అందరూ చప్పట్లు కొట్టారే, అప్పుడొచ్చిందది. ఇంకో రెండు పరుగులకి విచ్చుకుంటుంది. వేడినీళ్ళూ నూనే నీ వెనక చక్రాల కిందికే. గంటకి ఎనభై మైళ్ళ మీద ఉంటావు. పక్కన కాంక్రీటు గోడ.”

ఆమె అద్దం బయటికి తీసింది.

“రాయిస్‌కి తెలుసా ఈ పగులు సంగతి?”

“తెలుసు.”

“కుట్లు అతనే వేశాడా?”

డెల్మర్ రుమాలు తీసి, మరకలేమీ లేని చేతుల్నే తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“నేను వేశాను.”

“అబద్ధం. ఈ ఇంజను పగిలినప్పుడు... కాదు, ఏదో చిన్న మరమ్మతని మస్కోగీలో మెషిన్ షాపుకి పంపాడు. నాతో చెప్పాడు.”

“మస్కోగీ దాకా పోలేదు, ఆర్డిత్. మూడు మైళ్ళు పోయింది. నా రిపేరు కొట్టుకి.”

“నీ మొహం చూస్తే ఉమ్మేసేవాడు రాయిస్! చేపల విందులో నిన్ను కొట్టి మీద పడితే నలుగురు పట్టుకుని లాగారు. అప్పట్నుంచీ నీ పేరు మా ఇంట్లో ఎత్తలేదు. నీ కొట్టుకొచ్చాడంటే నమ్మమంటావా?”

“నన్ను నమ్మద్దు,” అన్నాడు డెల్మర్. “వీణ్ణడుగు.”

హోమర్ తన గురించేనని తెలిసినట్టు లేచి, వెళ్ళి డెల్మర్ బూటు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

“నాలుగేళ్ళపాటు ప్రతి గురువారం నా కొట్టులో, పొయ్యి పక్కన, ఇలాగే. లేకపోతే పరాయివాణ్ణి నన్ను ఈ గుమ్మం దాటనిస్తాడా?”

గురువారం.

ఆర్డిత్ వెనక్కి రెండడుగులు వేసి, బోర్లించి ఉన్న రంగు డబ్బా మీద కూలబడింది. గురువారాలు రాయిస్ బంతి దొర్లించే బౌలింగు ఆటకని వెళ్ళేవాడు. కుక్కనెందుకు తీసుకెళ్తావని అడిగితే, కారులో ఉంటాడులే, తోడు, అనేవాడు. గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డుతో తిరిగొచ్చేవాడు. బౌలింగ్ బంతికి గ్రీజెక్కడిదయ్యా అని ఆమె ఒకసారి నవ్వింది కూడా. అతనూ నవ్వాడు. అంతే, ఇంకేం అడగలేదామె.

“ఎందుకు?” అంది. గొంతులో ఇందాకటి పదును లేదు. “ఒక్క ఇంజను కుట్టడానికి నాలుగేళ్ళెందుకు?”

“ఇంజనొకటే కాదుగా. ఇందులో సగం పని నాది. వాల్వుల సందు సరిచేసింది నేను. పిస్టన్లకి రింగులు ఎక్కించింది నేను. అతను పక్కన కూర్చుని ఎంత, ఎటు, ఎందుకు అని చెప్పేవాడు. బుర్ర అతనిది, చేతులు నావి.”

“అతని చేతులకేమైంది?”

డెల్మర్ రుమాలు మడిచి జేబులో పెట్టాడు. షెడ్డు రేకుల మీద పిచ్చుకలు గోళ్ళతో గీకుతున్న చప్పుడు వినబడుతోంది.

“వణికేవి,” అన్నాడు చివరికి. “ఎడమది ముందు. తర్వాత రెండూ. చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయేవాడు. డాక్టరు ఏదో పేరు చెప్పాడు, ఇంకా ఎక్కువవుతుందన్నాడు. ఆర్డిత్‌కి చెప్పనని మాటివ్వు అన్నాడు. ఇచ్చాను.”

ఆర్డిత్‌కు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాయి. అరవయ్యేళ్ళు వస్తుంటే కుర్రకారు లాగా టపటపా నొక్కుకునే ముత్యాల బొత్తాల చొక్కాలు కొనుక్కున్నాడు. షోకు అనుకుంది. కప్పులో కాఫీ మానేసి, ఇంట్లో కూడా మూత ఉన్న థర్మాస్‌లోనే తాగేవాడు. బద్ధకం అనుకుంది. చర్చిలో పాటలప్పుడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునేవాడు. మొండితనం అనుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే పక్క మీద పడుకున్న మనిషి చేతులు తను చూడనే లేదా?

“ఊళ్ళో ఇంతమంది ఉండగా, నీకే ఎందుకు చెప్పాడు?”

“నేనూ అదే అడిగా. ‘ఊళ్ళో ఎవరికి చెప్పినా పొద్దుగూకే లోపల ఆర్డిత్‌కి తెలిసిపోతుంది. నీకు చెబితే తెలీదు. నీతో అది మాట్లాడదుగా’ అన్నాడు.”

అది అచ్చం రాయిస్ అనే మాటే. ఎంత కట్టి చెప్పాలన్నా ఇంకొకరికి రాదు. అప్పుడు నమ్మింది ఆర్డిత్. నమ్మగానే ఒళ్ళు మండింది.

“మాటిచ్చావా! మాట కోసం నన్ను గోడకి కొట్టుకుని చావనిస్తావా? ‘ఆర్డిత్, నీ ఇంజనులో పగులుంది’ అని ఒక్క ముక్క చెప్పలేకపోయావా నోటితో?”

“అందుకేగా వచ్చి తీసేస్తున్నా...”

“దొంగతనంగా! చెప్తే ఏడ్చి ఉండేదాన్ని. నిన్ను తిట్టి ఉండేదాన్ని. చచ్చి మాత్రం ఉండేదాన్ని కాదు. మగవాళ్ళు ఇద్దరు కూర్చుని ఆడదానికి ఏది తెలియాలో తీర్మానిస్తారు, పైగా దానికి స్నేహమని పేరు!”

డెల్మర్ తల వంచుకున్నాడు. “నిజమే,” అన్నాడు. “స్ట్రిప్పులో రెండుసార్లు నీ దగ్గరికి వచ్చాను చెబుదామని. ఒకసారి కిటికీ అద్దం ఎత్తేశావు. ఇంకోసారి నా కాళ్ళ మీద దుమ్ము కొట్టి వెళ్ళిపోయావు. మూడోసారి ధైర్యం చాలలేదు. తప్పు నాదే.”

ఆమె షెరీఫ్ సంగతి మరిచిపోయింది. ఫోన్ ఒళ్ళో పడి ఉంది. కోపం కింద నుంచి మరొకటి పైకి తేలుతోంది. తనకు తెలియని నాలుగేళ్ళ గురువారాలు ఈ మనిషి దగ్గర ఉన్నాయి. అవి తనవి. తనకు కావాలి.

“ఆ గురువారాలు ఏం చేసేవారు?” అంది. “ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను ఊరడించడానికి కల్పించకు.”

“మొదటి రెండు నెలలు ఆ రెంచి ఇటివ్వు, ఈ లైటు అటు పట్టు, అంతే. తర్వాత వాతావరణం. తర్వాత నీ గురించి.”

“నా గురించి ఏం?”

“చెప్తే కొడతావు.”

“చెప్పకపోతే కొడతాను.”

“నీ మొక్కజొన్న రొట్టె మింగడానికి పక్కన నీళ్ళ కుళాయి ఉండాలన్నాడు.”

ఆర్డిత్ నోరు తెరిచి, మూసి, ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. కోటు చేతితో తుడుచుకుంది. డెల్మర్ తన థర్మాస్ మూతలో కాఫీ పోసి ఆమె ముందు బల్ల మీద పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

“ఒక గురువారం,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా, “పని ఏమీ చేయలేదు. మంచు పడుతోంది. ‘ఆ రోజు నువ్వు తొందరపడలేదు డెల్మర్. నీ లైటు పచ్చగానే ఉంది. నేను చూశాను. ఓడిపోయానన్న ఉక్రోషంతో మోసగాడన్నాను’ అన్నాడు. పదిహేనేళ్ళు మోశాను నేను ఆ పేరు. ఆ మాటతో దిగిపోయింది. అందుకని అతనికిచ్చిన మాట తప్పలేకపోయాను. ఇదీ సంగతి.”

ఆర్డిత్ కాఫీ మూత రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా కూర్చుంది. ఇందాక తను అన్న మాట గుర్తొచ్చింది. తక్కువే అన్నాడు. నేల చూస్తూ, “నేను కూడా ఆ పేరే పెట్టాను నీకు, ఇప్పుడే,” అంది. “తప్పయింది.”

“దాందేముంది. నీ షెడ్డులో నేనున్నానుగా.”

డెల్మర్ మళ్ళీ పనిలోకి వంగాడు. రాయిస్ పెట్టిన పెద్ద పుల్లీని దాని చోట్లో కూర్చోబెట్టి, బెల్టు సర్ది, వేలితో నొక్కి బిగువు చూశాడు. చూస్తూనే, కసురుకుంటున్నట్టుగా అన్నాడు:

“శనివారం దీంతోనే నడుపు. నేను గెలిస్తే గెలుస్తా, ఏడవకు. కానీ ఇంక నువ్వు మళ్ళీ ఆ చిన్నవి పెట్టనని నాకు మాటివ్వాలి. మూడుసార్లు తీశాను. తీసిన ప్రతిసారీ ముందుదానికన్నా చిన్నది పెడుతున్నావు. ఇంత మొండి మనిషిని నేను చూళ్ళేదు.”

ఆర్డిత్ తలెత్తింది.

“నేను పెట్టడమేమిటి?”

“మరి?”

“నేను పెట్టలేదు. పెట్టేదీ తీసేదీ అంతా నువ్వే అనుకున్నాను.”

“నేనెందుకు పెడతాను? పగులుందని తెలిసి?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హోమర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“ఈ షెడ్డు తాళంచెవి ఎక్కడుందో నీకెలా తెలుసు?” అంది ఆర్డిత్ నెమ్మదిగా.

“రాయిస్ చెప్పాడు. బోల్టుల డబ్బా అడుగున.”

“బయటివాళ్ళకి తెలీదు అది. ఆ చిన్న పుల్లీలు ఏవి? ముందు తీసినవి?”

డెల్మర్ తన రేకు భోజనం డబ్బా తెరిచాడు. వేయించిన బొలోనా మాంసం శాండ్‌విచ్ పక్కన, గుడ్డలో చుట్టి, రెండు అల్యూమినియం పుల్లీలు ఉన్నాయి. ఇప్పుడు తీసినదాన్ని వాటి పక్కన బల్ల మీద పెట్టాడు. ఒకదానికన్నా ఒకటి చిన్నవి, మూడూ వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి.

“ఇవి కొన్నవి కావు,” అన్నాడు. “లేత్ మర మీద తీసినవి. ఈ అంచు చూడు, గోరు పెడితే జారిపోతుంది. చేసినవాళ్ళెవరో గాని, ఇలాంటి చెయ్యి రాయిస్‌ది తప్ప ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. బళ్ళ మీద పిచ్చి ఉన్నవాళ్ళు. పగులు సంగతి తెలియనివాళ్ళు.”

ఆర్డిత్ ఒకటి తీసుకుని వెలుగు వైపు తిప్పింది. లోపలి అంచు మీద సూదిలాంటి మొనతో కొలత చెక్కి ఉంది. రెండు, చుక్క, ఎనిమిది, ఏడు. రెండోదాని మీద రెండు, చుక్క, ఏడు, అయిదు. మూడోదాని మీద రెండు, చుక్క, ఏడు, సున్నా.

ప్రతి ఏడంకె నడుముకూ అడ్డంగా ఒక చిన్న గీత ఉంది.

“ఏమైంది?” అన్నాడు డెల్మర్. “ఆర్డిత్, ఏమిటి, అలా అయిపోయావు?”

రాయిస్ సైన్యంలో ఉండగా రెండేళ్ళు జర్మనీలో ఉన్నాడు. అక్కడివాళ్ళు ఏడుకు నడుం మీద గీత పెడతారని, పెట్టకపోతే ఒకటి అనుకుంటారని నేర్చుకుని వచ్చాడు. ఆ ఏడును అతని దగ్గర నేర్చుకున్న మనిషి ఒక్కతే ఉంది. బళ్ళో టీచరు తప్పని కొట్టేస్తే, మా నాన్న ఇలాగే వేస్తాడని తొమ్మిదేళ్ళ వయసులో టీచరుతో పోట్లాడి వచ్చిన పిల్ల. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లినెట్. మస్కోగీలో లేత్ మీద పని చేస్తుంది.

రాయిస్‌ను పూడ్చిపెట్టిన రోజున లినెట్ ఈ బండి తాళాలు అడిగింది. నాన్నతో కలిసి మొదలుపెట్టింది, నేను పూర్తి చేస్తానంది. ఆర్డిత్ వినలేదు. మీ నాన్న ప్రాణం తీసింది ఈ బండి చాకిరీయే, దీన్ని ఇంకెవ్వరూ నడపడానికి వీల్లేదు, నువ్వసలే కాదు అని అందరి ముందూ అరిచింది. లినెట్ బల్ల మీది పళ్ళెం అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ తర్వాత బండిని తనే బయటికి తీసినప్పుడు ఆర్డిత్ ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎవరి నోటనో విని ఉంటుంది.

“డెల్మర్,” అంది, “శనివారం పొద్దున్నో రేపో ఇంకోటి పెడుతుంది. దానికి పగులు సంగతి తెలీదు.”

“ఎవరికి?”

ఆమె ఒళ్ళోంచి ఫోన్ తీసుకుంది. ఆ నంబరు ఆమె ఫోన్‌లో లేదు, పోయిన ఏడాది కోపంలో తీసేసింది. కానీ వేళ్ళకు గుర్తుంది. నొక్కుతుంటే తన చేతులు రాయిస్ చేతుల్లాగే వణుకుతున్నాయని గమనించింది. దాచుకోవాలనిపించలేదు.

అవతల మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎవరో ఎత్తారు. హలో అనలేదు. వెనకాల లేత్ తిరుగుతున్న సన్నని కూత వినబడుతోంది. కూత మెల్లగా దిగి, దిగి, ఆగిపోయింది.

“లినెట్,” అంది ఆర్డిత్.

అవతల ఊపిరి వినిపించింది. ఆ తర్వాత, రెండేళ్ళు కాదు, రెండు నిమిషాల కిందట వదిలిన మాట అందుకున్నట్టు, ఆత్రం ఆపుకోలేని గొంతు అడిగింది:

“అమ్మా... పోయిన శనివారం ఎన్ని సెకన్లలో కొట్టింది?”